ఆవు కడుపున గేదె పుట్టదు, నిజమే. అయినా జాతులు మారతాయి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కందుకూరు దగ్గర మీ ఊళ్లో, చర్చి సంఘ పెద్ద అయిన మీ నాన్నగారికీ పదో తరగతి చదివే మీ అబ్బాయికీ మొదలైన వాదన చివరికి ఇద్దరూ ఒక చోట కూర్చుని అన్నం తినని స్థితికి వచ్చిందని రాశారు. నాన్నగారి మాట: "ఒంగోలు గిత్తను ఎన్ని తరాలు పెంచినా అది గిత్తే. చిన్న చిన్న మార్పులు వస్తాయి కానీ ఆవు కడుపున గేదె పుట్టడం ఎవరైనా చూశారా?" అబ్బాయి మాట: "సైన్సు అబద్ధం చెప్పదు." ఎవరిది సరైనదో పశువుల డాక్టరుగా చెప్పమన్నారు.

ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో 34 ఏళ్లు పశువైద్యం చేశాను. నా అభిప్రాయం ముందే చెప్తాను. జాతులు మారతాయి, పాత జాతుల నుంచి కొత్త జాతులు పుడతాయి. అయితే మీ నాన్నగారు కళ్లతో చూసి చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆ చూసినదాన్నుంచి ఆయన తేల్చిన విషయమే నిలవదు.

ఆవు కడుపున గేదె పుట్టడం నేనూ చూడలేదు. ఎక్కడైనా పుడితే డార్విన్ సిద్ధాంతం ఆ రోజే కూలిపోతుంది. ఎందుకంటే జీవ పరిణామం చెప్పేది అది కాదు. ప్రతి దూడా తన తల్లి జాతిదే అంటుంది పరిణామం. అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం గుర్తు చేసుకోండి. అది క్రీ.శ. 848 నాటిది, తెలుగు పద్యం. ఈ రోజు అద్దంకి బజారులో నిలబడి దాన్ని పైకి చదివితే ఎంతమందికి అర్థమవుతుంది? ఆనాటి నుంచి ఈనాటి వరకు ప్రతి తల్లీ తన బిడ్డతో ఇద్దరికీ తెలిసిన భాషలోనే మాట్లాడింది. ఏ తరంలోనూ తల్లి మాట బిడ్డకు అర్థం కాకుండా పోలేదు. అయినా భాష మారింది. ఇంకా వెనక్కి వెళితే తెలుగు, తమిళం, కన్నడం ఒకే మూల భాష నుంచి చీలాయి. తమిళం మాట్లాడే తల్లికి తెలుగు మాట్లాడే బిడ్డ పుట్టినందువల్ల కాదు ఆ చీలిక. జాతుల సంగతీ ఇంతే. ఆవు గేదెగా మారలేదు, గేదె ఆవుగా మారలేదు. రెండింటికీ ఒకప్పుడు ఉమ్మడి పూర్వీకులు ఉండేవి, అవి ఇటు ఆవూ కావు, అటు గేదే కావు.

ఈ వాదనలో సగం చిక్కు మన మాటలోనే ఉంది. ఒంగోలు జాతి అంటాం, మానవ జాతి అంటాం. బైబిలు ఆదికాండంలో "వాటి వాటి జాతి ప్రకారము" అని ఉంది. పాఠ్యపుస్తకంలోనూ అదే మాట. కానీ జీవశాస్త్రంలో జాతి అంటే తమలో తాము కలిసి, మళ్లీ కనగలిగే సంతానాన్ని ఇచ్చే జీవుల సమూహం. ఆ కొలతలో ఒంగోలు, జెర్సీ వేరు జాతులు కావు. మనం రెండింటినీ జాతులనే పిలుస్తాం. మీ ఇంట్లో తాత ఒక అర్థంలో, మనవడు ఇంకో అర్థంలో అదే మాట వాడుతూ గొడవ పడుతున్నారేమో ముందు చూడండి.

ఇక "చిన్న చిన్న మార్పులు వస్తాయి" అన్నది. నాన్నగారు దీన్ని సులువుగా ఒప్పుకొని దాటేశారు. నేను ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే నాకు పరిణామం నేర్పింది పుస్తకం కాదు, గొర్రెల మంద. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాపరి మందలో గొర్రెలు పాలిపోయి, దవడల కింద నీరు దిగి చనిపోతున్నాయి. నాలుగో పొట్టకు అంటుకుని రక్తం తాగే నట్టల పని అది. నట్టల మందు తాగించాను. తగ్గలేదు. మందు నాసిరకమేమోనని వేరే సీసా తెప్పించి తాగించాను. పెంటికలు పరీక్ష చేయిస్తే నట్టల గుడ్ల సంఖ్య దాదాపు అలాగే ఉంది. ఆ మందకు అప్పటికి కొన్నేళ్లుగా ఏడాదికి నాలుగైదుసార్లు ఒకే రకం మందు వేస్తున్నారు, అందులో నా చీటీలూ ఉన్నాయి. ఇరవైకి పైగా గొర్రెలు పోయాక మందు గుంపునే మార్చాను. అప్పుడు తగ్గింది.

జరిగినది ఏమిటంటే, మొదట వాడిన గుంపు మందులు నట్ట శరీరంలోని ట్యూబులిన్ అనే ప్రొటీన్‌కు అంటుకుని నట్టను చంపుతాయి. ఆ ప్రొటీన్‌లో 200వ స్థానంలో ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఎక్కడో ఒక నట్టలో అక్షరం తప్పినట్టు దాని బదులు టైరోసిన్ వస్తుంది. ఇక మందు సరిగ్గా అంటుకోదు. మందు లేని రోజుల్లో ఆ మార్పు వల్ల ప్రయోజనమేమీ లేదు. మందు వేసిన రోజు మిగతావి చస్తాయి, అది బతుకుతుంది, రోజుకు వేల గుడ్లు పెడుతుంది. మందు ఆ మార్పును పుట్టించలేదు, ఉన్నదాన్ని ఏరింది. ప్రకృతి వరణం అంటే ఇదే. ఈ గుంపులో మొదటి మందు థయాబెండజోల్ 1961లో వచ్చింది. 1964కే దానికి లొంగని నట్టలను గుర్తించారు. మూడేళ్లు! మన జిల్లా పత్తి రైతులకు ఇదే పాఠం ఇంకా కఠినంగా తగిలింది. 1987లో శనగపచ్చ పురుగు పైరెత్రాయిడ్ మందులకు లొంగకుండా పోయి ప్రకాశం, గుంటూరు చేలను తినేసింది. అప్పుల్లో మునిగి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పరిణామం ఎక్కడో గలపాగస్ దీవుల్లో జరిగే వింత అనుకునే వాళ్లకు నేను ఆ సంవత్సరం గుర్తు చేస్తాను.

"నట్ట నట్టగానే ఉంది కదా, పురుగు పురుగుగానే ఉంది కదా" అంటారు నాన్నగారు. ఉంది. మన ఒంగోలు పశువు బ్రెజిల్ చేరి అక్కడ "నెలోర్" అయింది. 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది కాబట్టి వాళ్ల నోట ఆ పేరు నిలిచింది. పందొమ్మిదో శతాబ్దంలో మొదలై 1960ల దాకా ఓడల్లో వెళ్లిన కొద్ది పశువుల సంతతి ఇప్పుడు అక్కడి మాంసపు పశువుల్లో అధిక భాగం. మనం అరక కోసం, పాల కోసం ఏరాం, వాళ్లు కండ కోసం ఏరారు. కొమ్ములు లేని నెలోర్ పశువులను కూడా తయారు చేశారు. రూ.40 కోట్ల విలువ కట్టారని 2025లో మన పత్రికలన్నీ రాసిన వియాటినా-19 అనే ఆవు బరువు సుమారు 1,100 కిలోలు. అయినా అది ఆవే. వందేళ్ల ఏరివేత ఇంతవరకే తీసుకెళ్తుంది.

కాబట్టి అసలు ప్రశ్న ఇది: చిన్న మార్పులు పోగుపడుతూ పోతే వాటిని ఒక చోట ఆపే గోడ ఉందా? జాతికీ జాతికీ మధ్య దేవుడు కట్టిన గోడే ఉంటే, పశువులను దాటించే మాలాంటివాళ్లకు అది చేతికి తగలాలి. ఒకవైపు పూర్తిగా కలిసేవి, ఇంకోవైపు అసలు కలవనివి, మధ్యలో ఏమీ లేకుండా ఉండాలి. నాకు తగిలింది గోడ కాదు, ఏటవాలు.

ఒంగోలు ఆవుకు జెర్సీ వీర్యం ఎక్కిస్తే పుట్టిన దూడలు, ఆడవైనా మగవైనా, మళ్లీ కంటాయి. ఇవి రెండూ ఒకటే అనిపిస్తుంది. కానీ డార్విన్ 1859 నాటి గ్రంథం మొదటి అధ్యాయంలోనే మూపురం ఉన్న భారతీయ పశువులు యూరపు పశువుల కన్నా వేరే మూలం నుంచి వచ్చి ఉంటాయని రాశాడు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం క్యూరేటర్ ఎడ్వర్డ్ బ్లిత్ పంపిన సమాచారం ఆధారంగా ఆ మాట అన్నాడు. ఇప్పటి జన్యు పరీక్షలు దాన్ని నిజమని తేల్చాయి. మనిషి మచ్చిక చేయడానికి లక్షల ఏళ్ల ముందే ఆ రెండు అడవి మందలు విడిపోయాయి, సింధు ప్రాంతంలో ఒకటి, పశ్చిమాసియాలో ఒకటి విడివిడిగా మచ్చికయ్యాయి. కణంలో జన్యువులను మోసే పోగులను క్రోమోజోములు అంటారు, మగవాటికి మాత్రమే ఉండే వై క్రోమోజోము ఆకారం కూడా రెండింటిలో తేడాగా ఉంటుంది. అంటే చీలిక మొదలైంది, పూర్తి కాలేదు.

ఇంకొంచెం దూరం వెళ్తే హిమాలయాల్లో ఆవును జడలబర్రెతో కలుపుతారు. పుట్టిన ఆడవి కంటాయి, మగవి గొడ్డుపోతాయి. ఈశాన్య రాష్ట్రాల మిథున్ అనే పశువుతో కలిపినా అంతే. సంకరంలో ఇలా ముందుగా దెబ్బతినేది రెండు వేర్వేరు లైంగిక క్రోమోజోములున్నవేనని, అంటే పశువుల్లో మగవేనని, జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ 1922లో సూత్రం చెప్పాడు. ఆయన తర్వాత మన దేశ పౌరుడై భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఇంకా దూరం వెళ్తే, గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, కంచరగాడిదకు 63. అది బతుకుతుంది, బరువు మోస్తుంది, కానీ కనదు. గొర్రెకు 54, మేకకు 60. మన ఊళ్లలో రెండూ కలిసే మేస్తాయి, అప్పుడప్పుడు ఎదకూ వస్తాయి, కడుపు నిలిచినా పిండం దాదాపు ఎప్పుడూ లోపలే చనిపోతుంది. చివరికి ఆవు, గేదె. 60, 50. దున్న ఎక్కినా ఆవు సూడి కట్టదు.

నాన్నగారు ఈ చివరి మెట్టు ఒక్కటే చూసి గోడ అన్నారు. కింది మెట్లన్నీ చూస్తే, విడిపోయి ఎంతకాలమైతే అంత దూరం అని కనిపిస్తుంది. గేదెల్లోనే చూడండి. మన ముర్రాకు 50, ఆగ్నేయాసియా బురద గేదెకు 48. రెండు క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుపోవడం వల్ల తగ్గిన లెక్క అది. మనిషిలోనూ అలాంటి అతుకే ఉంది. చింపాంజీకి 48, మనకు 46, మన రెండో క్రోమోజోములో ఆ అతుకు జాడ ఇప్పటికీ చదవొచ్చు.

అమెరికాలో కొందరు సృష్టివాదులు ఈ మెట్లను చూసి ఆవు, జడలబర్రె, అమెరికా అడవిదున్న అన్నీ ఒకే మూల జంట నుంచి, జలప్రళయం తర్వాత కొన్ని వేల ఏళ్లలో వచ్చాయంటారు. ఆ మాట ఒప్పుకుంటే డార్విన్ అడిగిన వేగానికి ఎన్నో రెట్లు వేగంగా జాతులు మారాలి! మార్పును ఒప్పుకొని, దానికి కాలాన్ని మాత్రం ఇవ్వకపోవడం న్యాయం కాదు. కాలం ఉంది. గూడూరు అభ్రకం గనుల రాళ్లు వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. యురేనియం సీసంగా మారే లెక్క అది, దానికి డార్విన్‌తో సంబంధం లేదు.

"సరే, కొత్త జాతి పుట్టడం ఎవరైనా చూశారా?" చూశారు. అది మీ పొలంలోనే ఉంది. మీది పొగాకు ఇల్లని రాశారు. మాదీ అంతే, మా నాన్నగారు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ పొగలోనే పెరిగాను. మనం పండించే పొగాకు మొక్క ఆదిలో ఎక్కడా లేదు. దక్షిణ అమెరికాలో సిల్వెస్ట్రిస్, టొమెంటోసిఫార్మిస్ అనే రెండు అడవి జాతులు ఒకప్పుడు కలిశాయి. ఒక్కొక్కదానికి 24 క్రోమోజోములు. వాటి సంకరానికి చెరి 12 వస్తాయి. ఇవి దానివి, అవి దీనివి కాబట్టి జత కుదరవు, విత్తనం కట్టదు. కానీ మొక్కల్లో ఒక్కోసారి కణం చీలబోయి ఆగి, లెక్క మొత్తం రెట్టింపవుతుంది. అప్పుడు 48. ప్రతిదానికీ జత దొరుకుతుంది, విత్తనం కడుతుంది. ఒక్క అడుగులో కొత్త జాతి.

ఇది ఊహ అనే వాళ్లకు 1925లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో క్లాసెన్, గుడ్‌స్పీడ్ అనే ఇద్దరు జవాబిచ్చారు. 24 ఉన్న గ్లూటినోసా అనే అడవి జాతిని 48 ఉన్న మన పొగాకుతో కలిపారు. 36తో గొడ్డు మొక్కలు వచ్చాయి. వాటిలో ఒకదానికి లెక్క రెట్టింపై 72 అయింది, విత్తనం కట్టింది, ఆ విత్తనం నుంచి అలాంటి మొక్కలే వచ్చాయి. అంతకుముందు ప్రపంచంలో లేని ఆ జాతికి డిగ్లూటా అని పేరు పెట్టారు. అమ్మకూ నాన్నకూ దూరమై, తనలో తాను సంతానం పెంచుకునే మొక్క. పొగాకులో మొజాయిక్ తెగులును తట్టుకునే గుణాన్ని ఆ గ్లూటినోసా నుంచే 1938లో తీసుకొచ్చారు. దేశవాళీ పత్తికి 26, అమెరికన్ పత్తికి 52 ఉండటం వెనకా ఇలాంటి కలయికే ఉంది. వేరుశనగా అలాగే వచ్చింది. ఒంగోలు గిత్తను పట్టుకుని పరిణామం లేదని వాదించే మన జిల్లా, ఒక కొత్త జాతి ఆకు మీద ఇన్ని దశాబ్దాలు బతికింది. ఈ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

జంతువుల్లో పెద్ద మార్పులు ఇలా ఒక్క అడుగులో రావు. వాటికి సాక్ష్యం రాళ్లలో, ఎముకల్లో వెతకాలి. పశువైద్యుడిగా నన్ను కదిలించింది తిమింగలం కథ. ఆవు, గొర్రె, పంది, జింక, వీటన్నింటికీ వెనక కాలి మడమ కీలులో ఒక చిన్న ఎముక ఉంటుంది. దాని పైకొనా, కిందికొనా రెండూ బావి గిలకలా గాడి పడి ఉంటాయి. గుర్రంలో పైన మాత్రమే గిలక, కింద చదును. కుక్కలోనూ రెండు గిలకలు ఉండవు. రెండు గిలకలుంటే అది జంట గిట్టల కుటుంబమే. 1990ల్లో జన్యు పరీక్షలు తిమింగలానికి దగ్గరి బంధువు నీటి ఏనుగు (హిప్పో) అన్నాయి, అంటే తిమింగలం జంట గిట్టల కుటుంబానిదే కావాలి. శిలాజాలు చదివే ఫిలిప్ గింజరిచ్ ఒప్పుకోలేదు. వేరే మాంసాహార జంతువుల నుంచి వచ్చాయని ఆయన నమ్మకం. బలూచిస్తాన్‌లో ఆయన బృందానికే రోడోసీటస్ అనే, కాళ్లున్న పాత తిమింగలం ఎముకలు దొరికాయి, 2001లో వాటిని ప్రకటించారు. మడమ ఎముకకు రెండు వైపులా గిలక. ఆయన తన పాత అభిప్రాయాన్ని వదులుకుని, ఆ సంగతి స్వయంగా ప్రకటించాడు.

ఇంకో ముక్క మన దేశానిదే. ఎ. రంగారావు అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త జమ్మూ కాశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర సేకరించిన రాళ్లు ఆయన తదనంతరం పెట్టెల్లో ఉండిపోయాయి. ఆయన భార్య వాటిని హాన్స్ థెవిసెన్ అనే పరిశోధకుడికి ఇచ్చారు. శుభ్రం చేస్తుండగా పొరపాటున ఒక పుర్రె విరిగితే లోపల చెవి ఎముక కనిపించింది, అప్పటిదాకా తిమింగలాల్లో మాత్రమే ఉంటుందనుకున్న మందపాటి అంచుతో. 2007లో ప్రకటించారు. పిల్లి ప్రమాణంలో ఉండే ఆ ఇండోహ్యూస్ సుమారు 4 కోట్ల 80 లక్షల ఏళ్ల కిందట నీళ్లలో నడిచిన, చిన్న జింక లాంటి జంతువు. మీ అబ్బాయికి ఈ కథ తప్పకుండా చెప్పండి. "సైన్సు అబద్ధం చెప్పదు" అనడం సరికాదు, సైన్సు చాలాసార్లు పొరబడింది. ఒక ఎముక చూసి జీవితకాలపు అభిప్రాయాన్ని మార్చుకోగలగడమే దాని బలం. తాతను గెలవడానికి ఆ పేరు వాడుకోవడం ఆ బలాన్ని తగ్గిస్తుంది.

నాన్నగారి భయం నాకు తెలుసు. ఇది ఒప్పుకుంటే దేవుణ్ణి వదులుకోవాలేమోనని. అనువంశికత సూత్రాలను బఠాణీ మడుల్లో కనిపెట్టిన మెండెల్ క్రైస్తవ సన్యాసి. పరిణామం వెలుగులో తప్ప జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో రాసిన దోబ్జాన్‌స్కీ చర్చికి వెళ్లే విశ్వాసి. పరిణామం కేవలం ఊహ స్థాయిని దాటిందని 1996లో పోప్ రెండో జాన్ పాల్ అన్నారు. జీవులు ఎలా మారాయన్నది ఎముకలూ జన్యువులూ చెప్పగలవు. ఎందుకు ఉన్నాయన్నది అవి చెప్పవు, నేనూ చెప్పను. మా హిందువుల ఇళ్లలో ఇంకో పొరపాటు జరుగుతుంది: చేప, తాబేలు, వరాహం, నరసింహం, ఇదిగో దశావతారాలే పరిణామం అంటారు. పురాణం దాని చోట అది గొప్పది. దాన్ని జీవశాస్త్రం చేయబోతే రెండూ చెడతాయి.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి పరిణామం భాగాన్ని తొలగించింది. దేశంలో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు దాన్ని వెనక్కి పెట్టమని లేఖ రాశారు. పదో తరగతితో జీవశాస్త్రం ఆగిపోయే పిల్లలే ఎక్కువ. రేపు వాళ్లే రొయ్యల చెరువులో, కోళ్ల ఫారంలో, మందుల దుకాణంలో నిలబడతారు. ఒకే మందు పదేపదే ఎందుకు వాడకూడదో వాళ్లకు ఎవరు చెప్తారు? కాబట్టి బడి చెప్పకపోతే ఇంట్లో చెప్పాలి.

ఈ ఆదివారం మాంసం కొట్టులో గొర్రె వెనక కాలి మడమ ఎముక అడిగి తెచ్చుకోండి, పెద్ద పనేమీ కాదు. ఉడికించి, కండ తీసేసి, ఎండబెట్టండి. పైనా కిందా రెండు గిలకలు కనిపిస్తాయి. ఇంటర్నెట్‌లో "రోడోసీటస్ మడమ ఎముక" బొమ్మ తీసి పక్కన పెట్టండి. ఆ రెండింటినీ ముందు నాన్నగారి చేతికివ్వండి. ఆయన జీవితమంతా పశువులను చూసిన మనిషి, ఎముక పోలిక మీ అబ్బాయి కన్నా, బహుశా నా కన్నా కూడా ఆయనకే త్వరగా అందుతుంది. ఆ తర్వాత ఆయన ఏమన్నారో రాయండి. ఒప్పుకోకపోయినా రాయండి, ఏ ముక్క దగ్గర అనుమానం వచ్చిందో అక్కడి నుంచి మళ్లీ మాట్లాడుకుందాం.